నింపొద్దన్న సందు

పొద్దున్నే కబురొచ్చింది,
జానన్నా, లప్పం డబ్బా పట్టుకొని రమ్మన్నడు అని.
మిర్యాలగూడల అద్దంకి రోడ్డు దాటి
మూతపడ్డ మిల్లు వెనక, ఊక కుప్పల పక్క, రేకుల షెడ్డు.
లోపల లారీ లేదు.
పర్వతాలు చేసిన ఇమానం ఉన్నది,
ఒక్క సీటుది, ఒంటి రెక్కతోని.
రెండో రెక్క రెండు నులక మంచాల మీద పండుకున్నది.

ముప్పై రెండేండ్లు లారీలకు లప్పం పెట్టిన చెయ్యి నాది.
డోరుకూ బాడీకీ నడుమ ఏలు దూరే సందున్నా
మాపటికి లేకుండ చేస్త.
అతుకు కనవడ్డదంటే కూలి అడగ.

పర్వతాలు రెక్క వెనక అంచున కదిలే ముక్కను
పైకీ కిందికీ ఊపి చూపిచ్చిండు.
ఐలరాన్ అంటడు. నాకైతే అది డోరే.
డోరుకూ రెక్కకూ నడుమ సందు
ఈడ బియ్యపుగింజంత,
ఆడ వడ్లగింజంత,
కొసకు పోతే చింతగింజ పడ్తది.

"నింపాల్నా?" అన్న.
"నింపితే చస్త" అన్నడు, నవ్వకుండనే.
"సందు ఉండాలె. ఒక్కతీరుగ ఉండాలె."

మిల్లుల ఇరవై ఆరేండ్లు రబ్బరు రోళ్ల కాడ నిలవడ్డోడు.
రోలూ రోలూ మరీ దగ్గరైతే నూక,
దూరమైతే వడ్లు వడ్లుగనే కిందికి.
నడుమ ఎంత ఉండాల్నో
సప్పుడుల ఇని చెప్పేటోడు.
ఆ చెవినే ఇప్పుడు రెక్కకు ఆనిచ్చి కూసున్నడు.
టేబుల్ ఫ్యాన్ గాలి కొట్టిస్తే
సందు ఈల ఏసింది,
పంక్చరైన సైకిల్ ట్యూబు లెక్క.
"అగో, ఆడ" అని చాక్‌పీసు గీత.

అలవాటు పోదు గద.
గీత కాడ లప్పం జరంత దట్టిచ్చిన.
మూడు రోజులు,
నూట ఇరవై నంబరు కాయితం, నీళ్లు, అరచెయ్యి,
రెండు వందల ఇరవై, మళ్ల అరచెయ్యి.
కండ్లు అబద్ధమాడ్తయి, అరచెయ్యి ఆడది.

నాలుగో రోజు మిట్టపగలు, షెడ్డు రేకులు కాగి,
పొద్దున ఆడిన డోరు బిగుసుకున్నది.
ఎండకు అల్యూమినియం సాగింది,
నా లప్పం సందును మింగింది.

తిట్టలే. డోరు ఊడదీసి
బందుల కాడ రెండు సూదుల మీద ఆనిచ్చిండు.
వెనక అంచు మెల్లగ కిందికి వాలింది.
"నాలుగు తులాలు ఎక్కువ పెట్టినవ్ జానన్నా.
ఈ అంచు బరువైతే
గాలిల రెక్కకు చలిజెరం వస్తది.
ఆ వణుకు ఆగదు, ఊడినంకనే ఆగుతది."

లారీకి లప్పం ఎక్కువైతే
పెచ్చు రాలి రోడ్డు మీద వడ్తది.
అంతే అనుకొని బతికిన.

గీకిన.
పెట్టుడుకంటె గీకుడే ఎక్కువ పొద్దు వట్టింది.
తునికాకు ఒకటి మడిచి సందుల పెట్టి
ఈ కొస నుంచి ఆ కొసకు గుంజినం.
ఆగొద్దు. జారిపడొద్దు.

అడుగు దిక్కు గుడ్డపట్టీ అతికేది మిగిలింది.
చీరలకు ఫాల్ కుట్టే అండాలును పిలిచినం.
ఇమానం దిక్కు సూడనే లే ఆమె,
డోరు ఎంత వంగుతదో రెండుసార్లు వంచి సూసింది.
"మోచెయ్యి మడిచెటట్టు రైక కుట్టుడే గద" అని
బెత్తెడు వదులు పెట్టి కత్తిరిచ్చింది.
కూలి మీటరు లెక్కన, అరవై రూపాయలు.

మళ్ల ఫ్యాను పెట్టినం.
సప్పుడు లేదు.
పర్వతాలు చానసేపు చెవి తియ్యలే.
ఎగురుతదా అని నేను అడగలే.
కాయితాలు రావాల్నంట, ఢిల్లీ నుంచి.
రెండో రెక్క మంచాల మీదనే ఉన్నది.

తెల్లారి నా కాడికి లారీ ఒకటొచ్చింది.
క్యాబిన్ డోరు.
"సందు కనవడొద్దు" అన్నడు ఓనరు.
లప్పం కలిపిన. పెట్టబొయ్యి ఆగి,
జేబుల తునికాకు తీసి మడిచిన.
బీడి సుడుతున్న అనుకున్నడేమో,
అగ్గిపెట్టె ఇచ్చిండు.